లంచ్ టైములో ఆరు సెకన్లు

పోయిన ఆదివారం డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఫోన్ వచ్చింది. "అంకుల్, డాడీ పోయారు. నిద్రలోనే" అంది మా సీనియర్ గారి అమ్మాయి. "సరేనమ్మా" అన్నాను. పెట్టేశాక సిగ్గేసింది, ఆ మాటకి సరే అనడమేమిటని. ఆయనైతే ముందు "ఎన్నింటికి?" అని అడిగేవారు.

ఎనభైల మొదట్లో మేమిద్దరం కార్ల స్పేర్ పార్టులు అమ్మే ఒక కంపెనీలో, కంప్యూటర్ విభాగంలో ఉండేవాళ్లం. వేర్‌హౌస్‌లో గుమాస్తా ఒక బోల్టు నంబరు కొడితే, అది ఏ అరలో ఉందో తెర మీద రావాలి. ఆ ప్రోగ్రాములు రాసేది నేను. లోపల డేటాబేస్ ఎలా అమర్చాలో, జవాబు త్వరగా రావాలంటే ఏం చేయాలో చూసేది ఆయన. పల్లెటూరి బడిలో చదివి, ఎలాగో ఇంజనీరింగ్ గట్టెక్కి అమెరికా వెళ్లినవాణ్ణి. నా సీనియర్ తెలుగువాడని తెలిసి సంతోషించాను.

ఆ సంతోషం వారం నిలవలేదు. ఆయన ఎవరినీ నమ్మరు. మెడలో స్టాప్‌వాచ్, జేబులో చిన్న నోట్‌బుక్. అడుగుల చప్పుడు లేకుండా వచ్చి వెనక నిలబడేవారు. నేను ఎంటర్ కొట్టగానే టిక్కుమనేది. జవాబు వచ్చాక మళ్లీ టిక్కు. ఏదో రాసుకుని వెళ్లిపోయేవారు.

"బాగానే నడుస్తోంది సార్" అనేవాణ్ణి.

"బాగానే అంటే ఎన్ని సెకన్లయ్యా?"

ఆ చలికాలం డెట్రాయిట్ చుట్టుపక్కలంతా లేఆఫ్‌లే. మా విభాగంలోనూ కొందరిని తీసేస్తారన్నారు. నా గ్రీన్‌కార్డ్ కాగితాలు ఇంకా కంపెనీ చేతిలోనే ఉన్నాయి. ఉద్యోగం పోతే పెట్టె సర్దుకోవడమే.

"ఆ నోట్‌బుక్‌లో నా పేరే ఎక్కిస్తున్నాడు" అన్నాను మా ఆవిడతో.

"తెలుగాయనే కదండీ, మన మీద చాడీలు చెప్తాడా?"

"తెలుగాయన కాబట్టే భయం. ఇద్దరిలో ఒకణ్ణే ఉంచుతారేమో."

"అయితే ఆయన్నే అడగండి."

"ఎలా అడుగుతాను?"

"నోటితో" అంది.

అడగలేదు.

ఒకరోజు మేనేజర్, ఎవరి ప్రోగ్రాం ఎంతసేపు తీసుకుంటుందో కాగితం మీద రాసి ఇమ్మన్నాడు. ఆ కాగితాలు చూసే మనుషుల్ని తీస్తారని అందరికీ తెలుసు. పొద్దున పదింటికి, వేర్‌హౌస్ జనమంతా మా అందరికీ ఉన్న ఒకే పెద్ద మెషిన్ మీద పడే వేళకి, నాది నలభై సెకన్లు పట్టేది. లంచ్‌కి అందరూ లేచాక కొట్టి చూశాను. ఆరు. ఆరే రాసి, కాగితాలు పోగుచేస్తున్న సీనియర్ గారికి ఇచ్చాను.

మర్నాడు ఆయన ఆ కాగితంతో వచ్చి నా పక్కకి కుర్చీ లాక్కున్నారు.

"ఇది ఎప్పుడు కొలిచావు?"

"నిన్న సార్."

"నిన్న ఎన్నింటికి?"

"లంచ్ టైములో సార్."

"అందరూ శాండ్‌విచ్ తింటుంటే మెషిన్ ఎవరికైనా పరిగెడుతుందయ్యా. వాళ్లు బోల్టు అడిగేది పదింటికి."

నా కళ్లముందే ఆరు కొట్టేసి నలభై రాశారు. తర్వాత నా చేత ప్రోగ్రాం తెరిపించి వరసవరసా చదివించారు. ఒక్క బోల్టు కోసం అది జాబితా మొత్తం మొదటి నుంచి చివరిదాకా వెతుకుతోంది. నంబర్ల వారీగా ఇండెక్స్ కట్టించారు, పుస్తకం చివర పేజీల పట్టిక ఉంటుంది చూడండి, అలాంటిది. మర్నాడు పదింటికి తొమ్మిది సెకన్లే పట్టింది.

"నలభై కింద తొమ్మిది రాయి. నలభై మాత్రం చెరపకు."

ఇంకేం కావాలి? నా తప్పు మేనేజర్‌కి చూపించడానికే అనుకున్నాను.

శుక్రవారం మేనేజర్ పిలిచాడు. బల్ల మీద అందరి కాగితాలూ ఉన్నాయి.

"వీళ్లంతా ఐదూ, ఆరూ అని రాశారు. వేర్‌హౌస్ నుంచి మాత్రం నాకు రోజూ తిట్లే. నేను నమ్మగలిగింది నీదొక్కటే. ఇందులో నలభై కూడా ఉంది" అన్నాడు ఇంగ్లీషులో.

లంచ్ టైములో కొలిచింది నేనొక్కణ్ణే కాదని అప్పుడు తెలిసింది. సీనియర్ గారు వాళ్ల దగ్గరికీ వెళ్లారట. వాళ్లేమో నీ పని చూసుకోమన్నారట. ఆ వారం నలుగురు వెళ్లిపోయారు. నేను మిగిలాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన దగ్గరే ఈ విద్య నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా అదే తిండి పెట్టింది.

ఆ శుక్రవారం సాయంత్రం పార్కింగ్ లాట్‌లో ఆయన వెనకాలే వెళ్లాను.

"సార్, మీరు నా ఉద్యోగం తీయిస్తారనుకున్నాను."

"తెలుసు. నీ మొహం ఏదైనా దాస్తుందా?" నవ్వారు. "అనుమానించడం తప్పు కాదయ్యా. అనుమానించి, కొలవకుండా కూర్చోవడం తప్పు. నన్ను అడిగితే నిమిషంలో తేలిపోయేది."

"అడుగుదామనే సార్..."

"అడగడానికి నీకు ఆరు నెలలు పట్టింది. నీ ప్రోగ్రామే నయం."

నాది పాత కారు. చలికి మొరాయించేది. "మీరు వెళ్లండి సార్, స్టార్టవుతుంది" అన్నాను. ఆయన కదల్లేదు. మూడోసారికి ఇంజన్ అందుకుంది. రోడ్డెక్కి అద్దంలో చూశాను. టోపీ మీద మంచు పేరుకుంటోంది. ఆయన అక్కడే నిలబడి, తల కాస్త పక్కకి వంచి, నా ఇంజన్ చప్పుడు వింటున్నారు.