పై తరగతికి వెళ్లిన సిద్దికా

జుబేదా గుంటూరులో కోల్డ్ స్టోరేజీల దగ్గర చిరిగిన మిరప గోతాలు కుడుతుంది. కూతురు సిద్దికా రెండో తరగతిలో ఉండగానే పక్కింటి ఐదో తరగతి పిల్ల లెక్కల పుస్తకం అడిగి తెచ్చుకుని చేసేది. బళ్లో మాత్రం తన లెక్కలు చిటికెలో ముగించి, బల్ల మీద తల వాల్చి పడుకునేది.

సిద్దికా మూడో తరగతికి వచ్చాక, టీచరు తేజశ్రీ ఒకరోజు జుబేదాను పిలిపించింది.

"పాపకి ఈ లెక్కలు చాలట్లేదండీ. నా క్లాసులోనే ఉంచుకుని, తనకి వేరే లెక్కలిస్తాను. తన ఈడు పిల్లల్తోనే ఉంటుంది."

జుబేదాకు ఆ మాట నచ్చలేదు. వేరే లెక్కలు చేస్తే ఎవరికి తెలుస్తుంది? నేరుగా హెడ్మాస్టరు జయరావు దగ్గరికి వెళ్లి, "మా పిల్లని నాలుగులో వెయ్యండి సార్," అంది. ఆయన సిద్దికాను కాసేపు ప్రశ్నలడిగి సరేనన్నాడు. ఆ సాయంత్రం జుబేదా వీధంతా మిఠాయి పంచింది.

నాలుగో తరగతిలో లెక్కలు తేలికే. రాతే అందలేదు. సిద్దికా సగం నోట్సులోకి ఎక్కించుకునేలోపే బోర్డు తుడిచేసేవారు. ఆటల్లో పెద్దపిల్లలు రానివ్వలేదు. పాత స్నేహితులేమో "నువ్వు పెద్ద క్లాసుగా" అని పక్కన పెట్టేశారు.

"అమ్మీ, మళ్లీ తేజశ్రీ మేడమ్ దగ్గరికి పోతా."

"పైకెక్కి మళ్లీ దిగుతావా? నలుగురూ నవ్వరూ!" అని జుబేదా కసిరింది. పిల్ల అడిగినప్పుడల్లా కసిరింది.

దసరా సెలవులయ్యాక సిద్దికాకు రోజూ పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. బడి పేరెత్తితే వాంతులు. చివరికి జుబేదానే హెడ్మాస్టర్ని బతిమాలి, కూతుర్ని మూడో తరగతిలోకి మార్పించింది. అప్పటికే తేజశ్రీ పొన్నూరులో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. కొత్త టీచరు అందరికీ ఒకటే లెక్కలిచ్చేవాడు. సిద్దికా చేసి, తల వాల్చి పడుకునేది.

ఇప్పుడు సిద్దికా ఐదో తరగతి. మార్కులు బాగానే వస్తాయి. పక్కింటికి వెళ్లి పుస్తకాలు అడగడం ఎప్పుడో మానేసింది. మొన్న జుబేదా ఎవరినో పట్టుకుని తేజశ్రీ నంబరు సంపాదించి ఫోన్ చేసింది.

"ఆరోజు మీరిస్తానన్నారే మేడమ్, వేరే లెక్కలు... ఇప్పుడిస్తారా?"

తేజశ్రీ ఆ రోజే కొన్ని లెక్కలు ఫోన్‌కి పంపింది. జుబేదా ఆశగా కూతురి చేతికిచ్చింది. సిద్దికా పైనుంచి కిందిదాకా చూసి, "వీటికి మార్కులేస్తారా అమ్మీ?" అంది.

"లేదే, ఊరికే... నీకిష్టమని."

సిద్దికా ఫోన్ తిరిగిచ్చేసి, వాకిట్లోకి వెళ్లి కూర్చుంది. ఈసారి జుబేదా కసరలేదు; ఆ లెక్కల్ని ఫోన్‌లోనే దాచి ఉంచింది.