మూత తీయని ట్రే

పోయిన నెల గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేయించుకుని దోహా ఐన్ ఖాలిద్‌లోని మా ఇంటికి వచ్చాక, పాత నర్సు బుద్ధి ఊరుకోక నా రికార్డు మొత్తం ప్రింటు అడిగి తెప్పించుకుని చదువుతుంటే, ఆపరేషన్ మర్నాటి మధ్యాహ్నం గడిలో "భోజనం పూర్తిగా తీసుకున్నారు" అని ఉంది. ఆ పూట వచ్చిన ట్రే మీద మూత కూడా తీయలేదు నేను. కంప్యూటర్ బండి తోసుకుంటూ వచ్చిన నర్సమ్మ నా చేతిపట్టీ స్కాన్ చేసి, నవ్వుతూనే నాలుగు గడులు నొక్కి వెళ్ళిపోయింది. కోపం రావాలి కదా, రాలేదు. మా తోడికోడలు గుర్తొచ్చి, ఎన్నేళ్ళుగానో నాలో కాపురముంటున్న అసూయ మళ్ళీ కదిలింది.

పగటి డ్యూటీకి నీలి సిరా, రాత్రి డ్యూటీకి ఎర్ర సిరా అని రెండు పెన్నులు జేబులో పెట్టుకు తిరిగిన నా తరం వాళ్ళకు ఇది చెబితే అర్థమవుతుంది. నేనూ మా తోడికోడలూ గోదావరి జిల్లా నుంచి దోహా వచ్చి ఒకే వార్డులో పనిచేశాం. నా చేతిరాత ముత్యాల్లా ఉండేది, మేట్రన్ నా పేజీలు కొత్తవాళ్ళకు చూపించేది. ఆమెది కోడి కెలికిన రాత. అయినా రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు నా ముత్యాలు దాటేసి ఆ కెలుకుడు ఎక్కడుందా అని వెతుక్కునేవాడు, అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. చేపల పులుసు ఆమె పెడితేనే బాగుంటుందని మా అత్తగారు అనేవారు. దాన్నైనా క్షమించాను గానీ, డాక్టరు అలా వెతుక్కోవడాన్ని క్షమించలేకపోయాను.

మా క్వార్టర్స్ బస్సు డ్యూటీ దిగగానే కదిలిపోయేది. దాన్ని అందుకోవడానికి ట్రేలు రాకముందే మంచం మంచానికీ "భోజనం చేశాడు, సుఖంగా ఉన్నాడు" అని ఇంగ్లీషులో వరసగా రాసిపెట్టుకోవడం మాలో చాలామందికి అలవాటు. ఆమె అలా రాసేది కాదు, బస్సు తప్పి చెమటలు కక్కుతూ టాక్సీలో వచ్చేది, నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

ఒకరోజు నా తరవాతి డ్యూటీ ఆమెదే అయింది, నేనింకా వార్డు అప్పగిస్తూ అక్కడే ఉన్నాను. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రి, కడుపు ఆపరేషన్ అయి రెండు రోజులు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ట్రే మూత ఎత్తి చూసి, ఏమైందని అడిగింది.

"కడుపంత బండలెక్క అయింది సిస్టర్, బువ్వ సూస్తెనే కక్కొస్తుంది" అన్నాడతను.

ఆమె కడుపు మీద చెయ్యివేసి చూసి, డాక్టరుకు కబురుపెట్టి, నా ముత్యాల వరస కిందనే అతనన్న మాటలు అన్నట్టే ఇంగ్లీషులోకి దించి రాసింది. డాక్టరు వచ్చి రెండు వరసలూ చదివి, నావైపు ఒక్కసారి చూసి, ఎక్స్‌రేకు పంపాడు. పేగు మెలిపడింది. ఆ సాయంత్రమే మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

"ట్రే రాకుండానే ఎలా రాసేశావక్కా?" అని ఆమె మెల్లగా అడిగింది, అంతే. ఆరోజు బస్సు తప్పింది నాకు.

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, అసూయే. అతను ఇంటికి వెళ్తూ ఆమెకు దండం పెట్టి, ఏమీ తెలియక నాకూ పెట్టాడు. సిగ్గు అప్పుడు వచ్చింది. ఆ మర్నాటి నుంచి నేనూ మూత ఎత్తి చూశాకే రాయడం మొదలుపెట్టాను, అదీ సగం ఆమె మీది పంతంతోనే.

తరవాత కంప్యూటర్లు వచ్చి అందరి రాతా ఒక్కటైపోయినప్పుడు ఆమె దిగులుపడింది, నేను మాత్రం ఇక ఏ డాక్టరూ ఆమె రాత కోసం వెతకడని హమ్మయ్య అనుకున్నాను. కాగితం నిజమే చెప్పిందని నేననను, దాని మీద అబద్ధం రాసిందే నేను. కానీ ఆ అబద్ధం కింద ఇంకొకరు రాయడానికి ఇంత చోటుండేది, రాయడానికి ఆగే మనిషీ ఉండేది. నా ప్రింటు చివరిదాకా వెతికాను, "పూర్తిగా తీసుకున్నారు" కింద ఎవరూ ఏమీ రాయలేదు. ఇన్నాళ్ళూ ఆమె మీద అసూయపడ్డాను. ఇప్పుడు నా అసూయంతా ఆ మేస్త్రి మీదే, అతని ట్రే మూత ఎత్తి చూసినవాళ్ళు ఒకరున్నారు.