మా అత్త చించిన పంచెలు

మా అత్త మొన్న గురువారం, తెల్లవారిన కాసేపటికి కన్నుమూసింది. బళ్లారి కౌల్ బజారులో మా బట్టల అంగడి ఆ రోజు తెరవలేదు. చూడవచ్చినవాళ్లందరూ ఆమె వంట గురించి, ఉపవాసాల గురించి చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆమె పంచె చించిన చప్పుడే గుర్తొస్తూ ఉంది.

నాకు తల్లి లేదు. అందుకని తొలి పురుడు అత్తింట్లోనే అనుకున్నారు. బట్టలమ్మే ఇల్లే అయినా, పుట్టబోయే బిడ్డకని ఒక్క గుడ్డ కూడా ముందుగా తీసిపెట్టనివ్వలేదు మా అత్త. తన తొలిచూలు బిడ్డకు అన్నీ కుట్టిపెట్టుకుని, ఆ బిడ్డను పురిట్లోనే పోగొట్టుకున్న మనిషి.

"పసిబిడ్డకు ఎన్ని గుడ్డలు కావాలత్తా?" అని ఒకసారి అడిగాను.

"ఎన్నుంటే అన్నీ తడుపుతాది. ముందు పుట్టనీ" అని లోపలికి వెళ్లిపోయింది.

మా పెద్దవాడు నెలలు నిండకుండానే, ముసురు పట్టిన రోజుల్లో పుట్టాడు. ఇంట్లో ఉన్న పాతచీర ముక్కలన్నీ ఒక్క పూటలో తడిసిపోయాయి. కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరబెట్టినా చెమ్మ పోలేదు. అంగడిలోని కొత్త బట్టేమో గంజితో గరుకు. బిడ్డ ఒళ్లు చల్లబడుతోంది.

"తడిలో పెట్టొద్దండమ్మా, తట్టుకోలేడు" అంది మంత్రసాని.

మా అత్త లేచి పెట్టె తెరిచింది. అందులో మా మామ పంచెలున్నాయి. ఆయన పోయినప్పటి నుంచి వాటిని ఎవర్నీ తాకనిచ్చేది కాదు. ఒకటి చేతిలోకి తీసుకుంది. తర్వాత అంచు పళ్లతో కొరికి, బర్రున చించింది.

"అవి వద్దత్తా" అన్నాను.

"సుమ్నె ఉండమ్మా, ఏం మాట్లాడొద్దు. మీ మామ ఉండింటే ఇంతసేపు చూస్తా కూర్చునేవాడా? ఆయనే ఎత్తుకున్నాడనుకో."

పెట్టె ఖాళీ అయింది. వాడు బతికాడు.

ఆ తర్వాత కూడా, ఎండలో ఆరిన గుడ్డనైనా చెంపకు ఆనించి చూడనిదే బిడ్డకు వేయనిచ్చేది కాదు. "చెయ్యి అబద్ధం చెప్తాది, చెంప చెప్పదు" అనేది. మీలో పిల్లల్ని పెంచినవాళ్లు ఒకసారి చూడండి, నిజమే.

ఈ ఏడాది ఆమె జారిపడి, తుంటి విరిగి మంచం పట్టింది. నా పాత చీరలు చించి ఆమె కింద పరిచేదాన్ని. మార్చేటప్పుడల్లా ముఖం గోడవైపు తిప్పుకునేది.

"నీ చేత ఇవన్నీ చేయించుకుంటాండా. సిగ్గయితాదమ్మా" అని ఒకనాడు ఏడ్చింది. పక్కన కూర్చుని తల నిమిరాను. ఆ రోజు నుంచి ముఖం తిప్పుకోలేదు. నా చెయ్యి పట్టుకునేది.

ఆమెను తీసుకుపోయాక, ఇల్లు కడిగి, స్నానం చేసి మిద్దె ఎక్కాను. ముందురోజు ఉతికి ఆరేసిన ఆమె గుడ్డలు బళ్లారి ఎండకు పెళపెళలాడుతున్నాయి. ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకున్నాను. కిందికి తీసుకుపోయి ఏ గదిలో పెట్టాలో తోచక మెట్ల మీదే కూర్చుండిపోయాను, వాటి వెచ్చదనం పోయేదాకా.