అరువు బస్తాలు

మా ఇంట్లో బయటి నూనె తిని ఎరిగినవాళ్ళు లేరు. తిరుత్తణిలో కొండకు వెళ్ళే దారి పక్క వీధిలో మాది చెక్కు నూనె, అంటే గానుగ నూనె, కొట్టు. ముందు కొట్టు, వెనక గానుగ, ఆ వెనక ఇల్లు. నాయన ఎవరింటికైనా పెళ్ళి భోజనానికి వెళ్తే విస్తరి ముందు కూర్చుని మొదట వాసన చూసేవాడు. నూనె నచ్చకపోతే ఇంత పెరుగన్నం తిని లేచి వచ్చేసేవాడు. పెళ్ళివాళ్ళు మొహం మాడ్చుకున్నా ఆయనకు పట్టేది కాదు. ఆ పొగరు నాకూ కొంచెం అబ్బింది. తిరువళ్ళూరులో కాపురానికి వచ్చి ఇన్నేళ్ళయినా నూనె మాత్రం పుట్టింటి నుంచే తెచ్చుకునేదాన్ని. కరెంటు రైల్లో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, చీరకు మరక అంటుతుందని పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. మరక అంటకుండానే నాకు సీటు విశాలంగా దొరికేది.

నాయన పోయాక గానుగ అన్న చేతికి వచ్చింది. అన్నకు పని వచ్చు, మాట మంచిది, తూకం సరైనది. కాలమే సరైంది కాదు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు వేరుశనగ వేయడం మానుకుని పొలాలను ప్లాట్లకు అమ్ముకున్నారు. కాయలు తెచ్చి ఆడించుకుని పోయేవాళ్ళు తగ్గారు. ప్యాకెట్ నూనె గుమ్మం గుమ్మానికీ వచ్చింది. ఇవన్నీ చాలవన్నట్టు గానుగ రోలు పగిలింది. దిరిసెన మానుతో తాత చేయించిన రోలు అది. అన్న దానికి ఇనుప పట్టా వేయించాడు. అయినా గానుగ తిరిగినప్పుడల్లా పగులు వెంట నూనె కారి నేలపాలయ్యేది. వదిన కింద పళ్ళెం పెట్టేది. కొత్త రోలు, దానికి తగ్గ మోటారు వస్తే కొట్టు నిలుస్తుంది, లేకపోతే ఆ పగులు రెండో వైపుకు పాకిన రోజున మూతపడుతుంది. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు. బ్యాంకుకు వెళ్తే వాళ్ళు అన్నను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి పంపించారు.

అలాంటప్పుడు తమిళ పేపర్లో ఆ పథకం గురించి చదివాను. బ్యాంకులు పట్టించుకోని ప్రాంతాల్లో చిన్న వ్యాపారాలకు ప్రైవేటువాళ్ళు పెట్టుబడి పెడితే, వాళ్ళకు ప్రభుత్వం పన్నులో రాయితీ ఇస్తుందట. డబ్బున్నవాళ్ళనూ డబ్బు కావాల్సినవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టడానికి తిరువళ్ళూరు కలెక్టరాఫీసులో మీటింగు అని రాశారు. అన్నకు ఫోన్ చేసి రమ్మన్నాను.

ఏసీ హాల్లో తెర మీద జిల్లా మ్యాపు వేశారు. వెనకబడిన చోట్లకు పసుపు రంగు. మా వీధి ఉండే వైపంతా పచ్చగా పసుపు ముద్దలా ఉంది. అన్న నా చెవి దగ్గరికి వంగాడు.

"ఏంది పాపా, మనల్ని వెనకబడినోళ్ళంటా ఉండారే! నాయన వినుంటే ఈ తెర చించి పోసేవాడు."

"అననీ అన్నా. ఆ మాటకే డబ్బొచ్చేది."

అన్న నవ్వలేదు. ఆ పసుపు రంగు వంకే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

చెన్నై నుంచి వచ్చినవాళ్ళలో ఒకాయనకు చెక్కు నూనె మీద గురి ఉంది. డాక్టరు చెప్పాడట, అదే తినమని. ఆయన అన్నతో చాలాసేపు మాట్లాడి, వచ్చి చూస్తానన్నాడు. అన్న ఆయన్ను అప్పుడే మొదలాళి, అంటే షావుకారు, అని పిలవడం మొదలుపెట్టాడు. పథకం చూసే ఆఫీసరమ్మ కూడా మంచి మనిషే. మమ్మల్ని పక్కకు పిలిచి తమిళంలో విడమరిచి చెప్పింది. ఆమె వచ్చి కొట్టు చూసి, దీనికి బయట ఎక్కడా పెట్టుబడి పుట్టడం లేదని రాసివ్వాలి. ఆ మాట రాసిస్తేనే ఆయనకు రాయితీ. రాయితీ ఉంటేనే ఆయన డబ్బు పెడతాడు. ఇద్దరూ శుక్రవారం వస్తామన్నారు. ఇంతకంటే తేలికైన సంగతి ఏముంటుంది? ఉన్నది ఉన్నట్టు చూపించడమే.

అదే మావాళ్ళకు చేతకాని పని. మా బజారులో ఒక వాడుక ఉంది. చెన్నై నుంచి హోల్‌సేల్ ఏజెంటు వస్తున్నాడంటే ఏ కొట్టూ బోసిగా కనిపించకూడదు. ఎవరి కొట్టు పలచబడితే వాళ్ళకు పక్క కొట్లవాళ్ళు బస్తాలూ డబ్బాలూ మోయించి పెడతారు. ఏజెంటు రైలెక్కాక ఎవరివి వాళ్ళకు వెళ్ళిపోతాయి. దీనికి అడగడాలూ లేవు, థ్యాంక్స్ చెప్పడాలూ లేవు. ఖాళీ కొట్టుకు ఎవడూ సరుకు ఇవ్వడు, నిండు కొట్టుకైతే పిలిచి ఇస్తాడు. మావాళ్ళకు ఉగ్గుపాలతో అబ్బిన చదువు ఇది. ఇందులో వాళ్ళకు డాక్టరేట్ ఇవ్వొచ్చు.

శుక్రవారం పొద్దున నేను తిరుత్తణిలో దిగి వీధి మలుపు తిరిగేసరికి కొట్టు గుర్తుపట్టలేకపోయాను. గుమ్మం నుంచి గల్లాపెట్టె దాకా కాయల బస్తాలు. నువ్వుల బస్తాలు వేరే. అలమరలో డబ్బాలు మూతలు తళతళలాడుతూ వరసగా నిలబడ్డాయి. ఎదురు కొట్టు మామ తన బెల్లం దిమ్మలు కూడా తెచ్చి పెట్టాడు. నూనె కొట్టులో బెల్లం ఎందుకని అడిగితే, చూసేదానికి బాగుంటుందన్నాడు. లోపల వదిన గానుగకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, మూరల కొద్దీ పూలు చుట్టింది. పగులు సరిగ్గా పూల కింద ఉంది. పళ్ళెం ఎక్కడా కనిపించలేదు.

"వదినా, ఇదేంది? వాళ్ళు చూసేదానికి వచ్చేదే ఆ పగులు కదా!"

"వచ్చేది పరాయోళ్ళు. కొట్టు బోసిగా ఉంటే మీ అన్న మొగం యాడ పెట్టుకుంటాడు? చూసినోడు నాలుగు చోట్ల చెప్పడా?"

"చెప్పనీ. అట్ల చెప్తేనే కదా మనకు డబ్బొచ్చేది."

"లేనోళ్ళకు ఎవురిచ్చినారు, ఎప్పుడిచ్చినారు? నువ్వు సుమ్మా ఉండు."

అన్న తెల్ల చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాయన ఉన్నప్పటిలా నిండుగా ఉన్న ఆ కొట్టును చూసి, నిజం చెప్పాలంటే, నాకూ సంతోషమే వేసింది. కోపం దిగమింగుకుని టిఫిను ఏర్పాట్లకు వెళ్ళాను.

వాళ్ళు వచ్చారు. మొదలాళి నువ్వుల నూనె వేసిన పొడితో ఇడ్లీలు మళ్ళీ మళ్ళీ అడిగి తిన్నాడు. గానుగ తిప్పి చూపిస్తారా అన్నాడు. శుక్రవారం పూజ చేసినాము, ఈ రోజు తిప్పకూడదు అన్నాడు అన్న. అలాంటి పట్టింపు మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఎంత ఆడగలరని అడిగితే, "ఎంత తెచ్చినా ఆడతాము" అన్నాడు. ఆఫీసరమ్మ బస్తాల మధ్య ఒత్తిగిలి నడుస్తూ, వ్యాపారం ఎలా ఉందయ్యా అని అడిగింది.

"బాగుండాది మేడం."

ఆమె తల ఊపింది. వెళ్తూ వెళ్తూ కొండ మీది స్వామికి దణ్ణం పెట్టుకుని కారెక్కారు. కారు మలుపు తిరగ్గానే ఎదురు కొట్టు మామ బెల్లం దిమ్మలు మోయించుకుపోయాడు. మధ్యాహ్నానికి కొట్టు మళ్ళీ బోసిపోయింది. వదిన పళ్ళెం తెచ్చి రోలు కింద పెట్టింది.

ఆఫీసరమ్మ నాకే ఫోన్ చేసింది. కొట్టు చూస్తే కడుపు నిండిందనీ, ఇంత సరుకు తిరుగుతున్న చోట పెట్టుబడి పుట్టడం లేదని తాను ఎలా రాయగలననీ అంది. మొదలాళికి మాత్రం మనసు ఉందట. ఈలోపు హైవే పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ ఆయన్ను అడుగుతోందట. అదీ పసుపు రంగులోనే ఉందట. ఆ కోల్డ్ స్టోరేజీ నాకు తెలుసు. దాని ముందు నిలిచే కార్లు మా వీధిలో పట్టవు. వెనకబడిన ప్రాంతమంటే దానిదే మరి! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో జరిగిందంతా ఆమెకు చెప్పేశాను. బస్తాలు ఎవరివో, పూల కింద ఏముందో, అన్నీ.

ఆమె అంతా వింది. తర్వాత మెల్లగా చెప్పింది. నా మాట మీద తిరిగి రాయడం కుదరదు. కొట్టు యజమాని వచ్చి తన నోటితో చెప్పాలి. సోమవారం అర్జీల రోజు, తాను అక్కడే ఉంటుంది. ఒక్క మాట, ఆ సరుకు నాది కాదు, వ్యాపారం లేదు అని చెప్తే చాలు, మళ్ళీ వచ్చి చూస్తుంది. ప్రభుత్వ మనిషి అంతకంటే ఎక్కువ ఎవరికి చేస్తుంది?

సోమవారం అన్న మా ఇంటికి వచ్చి, టిఫిను కూడా తినకుండా నాతో బయలుదేరాడు. దారంతా చెప్పిందే చెప్పాను. "అన్నా, సరుకు నాది కాదు మేడం, అంతే. చాలు." సరే పాపా, సరే పాపా అంటూ వచ్చాడు. హాలు నిండా జనం. పట్టాల కోసం, పింఛన్ల కోసం, నీళ్ళ కోసం వచ్చినవాళ్ళు. లేదు, లేదు, లేదు అని అందరూ గట్టిగా చెప్పుకుంటున్నారు. మావాళ్ళెవరైనా ఉంటే అన్నకు నోరు పెగలదని భయపడి చుట్టూ చూశాను. తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. మనసు కుదుటపడింది.

ఆఫీసరమ్మ మమ్మల్ని చూసి కుర్చీ చూపించింది. పెన్ను మూత కూడా తీసింది.

"చెప్పండయ్యా. ఆ రోజు నేను చూసిన సరుకు మీదేనా? వ్యాపారం ఎలా ఉంది?"

అన్న లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. నేను కింద నుంచి ఆయన మోచేయి పట్టుకున్నాను.

"బాగుండాది మేడం," అన్నాడు.

ఆమె నా వంక చూసింది. నేను చెప్పబోయాను. అన్న నా చేయి విడిపించుకుని ఆమెకు దణ్ణం పెట్టి బయటికి నడిచాడు. ఆమె పెన్ను మూత పెట్టేసింది. ఆ తర్వాత ఒక ముసలామె కుర్చీలోకి వచ్చి కూర్చుంది.

స్టేషనులో అన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. నాయన పొగరు నీకెందుకు, ఆయనకు గానుగ ఉండింది, నీకు పగులే కదా ఉండేది అని కూడా అన్నాను. పక్కన నిలబడినవాళ్ళు చూస్తున్నా ఆపలేదు. అన్న రైలు వచ్చే వైపే చూస్తూ నిలబడ్డాడు. రైలు కనిపించాక మాత్రం అన్నాడు.

"వచ్చింది పాపా. పంటి దాకా వచ్చింది. ఆడికే నిలిచిపోయింది."

రైలెక్కి కిటికీలోంచి చేయి ఊపాడు. నేను ఊపలేదు.

మొదలాళి డబ్బు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళింది. ఆఫీసరమ్మకు బదిలీ అయింది. వానాకాలం రాకముందే రోలు రెండుగా విచ్చుకుంది.

పోయిన నెల తిరుత్తణి వెళ్ళాను. అన్న కొట్టు తెరుచుకుని కూర్చునే ఉన్నాడు. అలమరలో డబ్బాలు మూతలు పెట్టి వరసగా ఉన్నాయి, అన్నీ ఖాళీవి. దీపానికి నూనె కావాలని ఒకావిడ వస్తే, "ఆడిస్తా ఉండాము, రేపు రామ్మా" అని పంపించాడు. నేను నూనెకని తెచ్చుకున్న ఖాళీ డబ్బాను సంచీలోంచి తీయకుండా లోపలికి వెళ్ళాను.

వదిన మా ఇద్దరికీ ఆకులు వేసి వడ్డించింది. వంకాయ వేపుడు. ముద్ద నోటి దగ్గరికి రాగానే నాకు తెలిసిపోయింది. రేషను పామాయిలు. వదిన కళ్ళు దించుకుని గరిటె పట్టుకుని నిలబడిపోయింది. అన్న కూడా ముద్ద కలిపి, నాయన లాగే ఒక్క క్షణం వాసన చూశాడు. పెరుగు అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. తిన్నాడు. ఇంకొంచెం వేయమని ఆకు చూపించాడు.

"బాగుండాది," అన్నాడు.