వెనక సీట్లో స్టీరింగు మామ

ఆ రోజుల్లో నాకు తెలివి తక్కువ, ధైర్యం ఎక్కువ. (ఇప్పుడు తెలివి పెరిగిందని కాదు, ధైర్యం తగ్గింది.) మా ఆఫీసులో పక్క టేబులు మేడం మొన్న ఫోనులో ఒక కారు ఫొటో చూపించినప్పుడు అదంతా ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. విదేశీ కంపెనీ కారు, నల్లగా, పొడుగ్గా, డీజిలుది, పదేళ్లు ఎవరో వాడినది. "సార్, మీరు ఒకప్పుడు ఇట్లాంటిదే పెట్టుకోనుంటిరంట గదా. నాకిదే మొదటి కారు. ఏమన్నా జాగ్రత్తలు చెప్పండి" అని అడిగింది. చెప్పేముందు ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆ ఫొటోలో వెనక తలుపు తెరిచి ఉంది, సీటు ఖాళీగా కనబడుతోంది.

మా అమ్మ తమ్ముణ్ణి బంధువులంతా స్టీరింగు మామ అనేవాళ్లు. చింతామణిలో ఒక సాహుకారు దగ్గర ముప్పై ఏళ్లు కారు నడిపాడు. సాహుకారు వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చునేవాడు, ఊరి పొలిమేర దాటకముందే నిద్రపోయేవాడు. ఆయన నిద్ర చెడకుండా గతుకులు తప్పించి నడపడమే మామ విద్య. ఇల్లు చేరాక సాహుకారు కళ్లు నులుముకుంటూ "అప్పుడే వచ్చేస్తిమా?" అనేవాడట. ముప్పై ఏళ్లూ అదే మాట. మామకి దక్కిన మెప్పు కూడా అదే. చిన్నప్పుడు నేనొకసారి "మామా, నువ్వెప్పుడన్నా వెనక కూసున్నావా?" అని అడిగాను. "సీటు తుడిచేటప్పుడు మోకాలు పెట్టినా" అన్నాడు. తర్వాత, "ఒగ దినమన్నా ఆడ కూసోని, దారి యాడ పోతాందో తెలీకుండా నిద్ర పోవాలప్పా" అన్నాడు. అంటూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెద్దయ్యాక అట్లాంటి కారు కొని మామని వెనక కూర్చోబెట్టాలని ఆ రోజే తీర్మానించుకున్నాను.

పెద్దవాణ్ణయితే అయ్యాను గానీ కొత్త కారు కొనేంత పెద్దవాణ్ణి కాలేదు. చిక్కబళ్ళాపురంలో డ్రిప్పు పైపులు అమ్మే ఉద్యోగం. అందుకే బెంగుళూరు పెద్దమనిషి ఒకాయన వాడి వదిలేసిన కారు తెచ్చుకున్నాను. వెనక అద్దానికి మీట నొక్కితే దానంతట అదే లేచే తెర కూడా ఉండేది. (మొదటి వారం నేను కారు నడిపినదానికంటే ఆ తెర లేపి దించిందే ఎక్కువ.) ఏ కారు తెచ్చినా ముందు టార్చి వేసి కింద పడుకొని చూసే మెకానిక్కు ఒకాయన చిక్కబళ్ళాపురంలో ఉండేవాడు, అందరం టార్చి భాయ్ అనేవాళ్లం. ఆయన నా కారు కింద నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు: "తాళం తిప్పితే స్ప్రింగు మాదిరి పసుప్పచ్చ లైటు ఒగటి పడతాది. అది ఆరేదాకా స్టార్టు చేయొద్దు. దూరం పోయొస్తే టక్కున ఆపొద్దు, ఒగ నిమిషం ఊరికే తిరగనీ, టర్బో చల్లబడాల. మంచి బంకులో తప్ప యాడా డీజిల్ పోయించొద్దు. కారుతో ఒగ పుస్తకం ఇచ్చింటారు, అది చదువు." మొదటి రెండూ వ్రతంలా పాటించాను. పుస్తకానికి ఆయుధపూజ నాడు పసుపూ కుంకుమా పెట్టి, తిరిగి డ్యాష్‌బోర్డు అరలోనే భద్రంగా దాచాను. ఇక మిగిలింది డీజిలు.

మా ఊరు బాగేపల్లి తాలూకాలో పాతపాళ్య దగ్గర. కారు తీసుకెళ్లిన రోజు నాయన దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, "డీజిలేనా?" అన్నాడు. అవునన్నాను. "అట్లయితే మన ట్రాక్టరు జాతే" అన్నాడు, బానెట్టు తట్టి. ఆయన దృష్టిలో ప్రపంచంలోని డీజిలు బండ్లన్నీ ఒక్కటే కులం. కొన్ని ట్రాలీ లాగుతాయి, కొన్ని సిగ్గుపడి లాగవు, అంతే తేడా.

మామ ఉద్యోగం మానే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం చింతామణిలో సాహుకారు చేతికి తాళాలు ఇచ్చేసి, మామ మా ఇంటికి రావాలి. గేటు దగ్గర నేను నా కారుతో ఉండాలి, ఆయన వెనక సీట్లో రావాలి. నేనెన్నాళ్లుగానో కన్న కల. కానీ ఆ పొద్దున ఊళ్లో చూస్తే డీజిలు ముల్లు అడుగంటి ఉంది. బంకుకి పోవాలంటే బాగేపల్లి, నేను పోవాల్సింది అటు కాదు, చేళూరు మీదుగా. నాయన నా తొందర చూసి, "డ్రమ్ములో ఉండాది గదప్పా, దానికేం తక్కువ?" అన్నాడు. ట్రాక్టరుకోసం కొట్టంలో ఎప్పుడూ ఒక డ్రమ్ము నిలవ ఉండేది. టార్చి భాయ్ మాట గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. అందుకే, "వడగట్టి పోద్దాం నాయనా" అన్నాను, చాలా తెలివైనవాడిలా. అమ్మ పాత చీర ఒకటి తెచ్చి నాలుగు మడతలు వేసింది. నాయన పోశాడు, అమ్మ చీర పట్టుకుంది, నేను గరాటు పట్టుకున్నాను. లక్షణంగా ముగ్గురం కలిసి ఆ కారు కొంప ముంచాము.

పోయేటప్పుడు అది నోరెత్తలేదు. చింతామణిలో మామ ఉతికిన తెల్ల చొక్కాతో, చేతిలో చిన్న సంచితో గేటు బయటికి వచ్చాడు. నన్ను చూసి నవ్వుతూ నేరుగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు, తాళం ఇమ్మని. ముప్పై ఏళ్ల అలవాటు. నేను చుట్టూ తిరిగి వెనక ఎడమ తలుపు తెరిచి పట్టుకున్నాను. మామకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచి ఆ చేతిలోంచి ఈ చేతికీ, ఈ చేతిలోంచి ఆ చేతికీ మార్చుకుంటూ నిలబడ్డాడు. "చెప్పులిడవాలేమప్పా?" అని అడిగాడు. వద్దని తల ఊపాను.

ఎక్కాడు గానీ కూర్చోలేదు, సీటు అంచుకి ఆనుకున్నాడంతే. "ముందర లారీ" అనేవాడు. చూస్తున్నాననేవాణ్ణి. "ఎడం పక్క ఆవు." అదీ చూస్తున్నాననేవాణ్ణి. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు ముందు సీటు వెనక లేని బ్రేకు తొక్కేది. తెర లేపి చూపించాను, "దీన్నేం చేసుకునేదప్పా, వెనకొచ్చే బండ్లు కనపడొద్దా?" అన్నాడు. చేళూరు ఇంకా కొన్ని మైళ్లుందనగా కారు రెండుసార్లు వెక్కింది, పొగ వదిలింది, ఆగిపోయింది.

నేను కిందికి దిగేలోగా మామ బానెట్టు ముందున్నాడు, చొక్కా చేతులు మడిచేసి. లోపల చూస్తే పెద్ద నల్ల మూత తప్ప ఏమీ లేదు. "ఇంజను యాడ ఉండాదప్పా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు ఒక్క పూట ఆయన డ్రైవరు కాకూడదని గదా నా తాపత్రయమంతా. టార్చి భాయ్‌కి ఫోను చేశాను. "డీజిల్ యాడ పోయిస్తివి?" ఇదే ఆయన మొదటి ప్రశ్న. డ్రమ్ము సంగతి చెప్పాను. "చీరతో వడగట్టినాం భాయ్, నాలుగు మడతలు" అని కూడా చెప్పాను. "డ్రమ్ము అడుగున నీళ్లు చేరింటాయి. నీళ్లు చీరలో ఆగతాయా సామీ?" అన్నాడు. "సరే, అది కడిగితే పోతాది. కానీ ఆటోమేటిక్ గేరుది, తాడు కట్టి లాగొద్దు. మరీ తప్పదంటే చేళూరు దాకా, నడిచినట్ల పోనీ. ఆడ నిలిపెయ్. రేపు లారీ పంపిస్తా, ఎత్తుకొనొస్తాం. చేళూరు దాటితే గేరుబాక్సు నీది కాదు."

కాసేపటికి ఖాళీ టమోటా క్రేట్లతో ఒక ట్రాక్టరు వచ్చింది. అది మా ఊరి మీదుగానే పోయేది. ట్రాక్టరాయన మోకు తీసి కట్టాడు. మామ మళ్లీ డ్రైవరు తలుపు తెరిచాడు. "ఇంజను ఆగితే స్టీరింగు బిగుసుకుంటాది, బ్రేకు రాయి మాదిరి అయితాది. నీ చేత కాదు, నువ్వు వెనక్కి పో" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అయినా జీవితంలో మొదటిసారి మామ మీద అరిచాను. "నువ్వు వెనక కూసో మామా! ఈ దినం నువ్వే వెనక!" రోడ్డు మీద ఇద్దరు ఆగి చూశారు. మామ డ్రైవరు తలుపు మూసి, పోయి వెనక కూర్చున్నాడు.

ట్రాక్టరు కదిలింది. స్టీరింగు తిప్పడానికి రెండు చేతులూ చాలడం లేదు. వెనక నుంచి మామ గొంతు వచ్చింది: "సద్దే లేదప్పా, ఎంత మెత్తగా పోతాండాది!" (ఇంజను ఉంటే గదా సద్దు.) తర్వాత లారీ మాట రాలేదు, ఆవు మాట రాలేదు. ముందు సీటు వెనక బ్రేకు తొక్కుడు కూడా ఆగిపోయింది. అద్దంలో చూశాను. మామ వెనక్కి వాలి, నోరు తెరుచుకొని, సంచి ఒళ్లో పెట్టుకొని నిద్రపోతున్నాడు. ముప్పై ఏళ్లు ఇంకొకరి నిద్రకి కాపలా కాసిన మనిషి.

చేళూరు కూడలిలో ట్రాక్టరాయన వెనక్కి తిరిగి అరిచాడు, "ఈడ ఇడిచేదా, ఊరిదాకా వచ్చేదా?" భాయ్ చెప్పిన మాట చెవిలోనే ఉంది. ఇక్కడ ఆపితే మామ లేస్తాడు, చొక్కా చేతులు మళ్లీ మడుస్తాడు. నేను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పోనీ అని ఊపాను.

ఇంటి ముందు ట్రాక్టరు ఆగాక మామ కళ్లు తెరిచాడు. అటూ ఇటూ చూసి, మొహం తుడుచుకొని, "అప్పుడే వచ్చేస్తిమా?" అన్నాడు. ఎవరి మాట అన్నాడో ఆయనకే వెంటనే తట్టి, సిగ్గుపడి నవ్వాడు.

గేరుబాక్సు పోయింది. దాన్ని బాగుచేయించే శక్తి నాకు లేదు, విడిభాగాలకి ఇచ్చేశాను. భాయ్ నోట విషయం తెలిసి మామ వచ్చి గట్టిగానే తిట్టాడు. "నన్ను లేపుండాల గదప్పా! అంత కారు!" అన్నాడు. వెళ్లేముందు గడప దగ్గర ఆగి, "మంచి నిద్ర మాత్రం పట్టింది" అన్నాడు. ఇంకోసారి ఇంజను నడుస్తుండగా ఆయన్ని అట్లా కూర్చోబెట్టాలని ఆశ ఉండింది. మామ అంతదాకా ఆగలేదు, పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ ఆ గొంతు వినాలనిపిస్తుంది, "ముందర లారీ" అన్నా చాలు.

మేడంకి పసుప్పచ్చ లైటు గురించి చెప్పాను, టర్బో గురించి, బంకు గురించి, పుస్తకం గురించి చెప్పాను. అన్నీ ఫోనులో రాసుకుంది. మరి మీ కారేమైందని అడిగితే ఈ కథా చెప్పాను. "చేళూరులో నిలిపేసుంటే కారు మిగిలేది గదా సార్" అంది. మిగిలేది. ఇప్పుడు నాకొక చిన్న కారుంది, పొద్దున్నే మారు మాట్లాడకుండా స్టార్టవుతుంది. పని మీద చేళూరు పోయినప్పుడల్లా ఆ కూడలిలో కొంచెం నెమ్మదించి అద్దంలోకి చూస్తాను. వెనక సీట్లో పైపు చుట్టలుంటాయి. ముందర ట్రాక్టరేమీ ఉండదు. అయినా ఆనాటి ఆ పిచ్చోణ్ణి తలుచుకొని నవ్వుకుంటూ, చెయ్యి బయటపెట్టి, పోనీ అని ఊపుతాను.