నలభై ఏడో నంబరు ఇంటి విన్నపం

ఆ రోజుల్లో క్రమం తప్పిన వస్తువు ఏది కంటబడినా సరిచేయకుండా ఉండలేకపోయేవాణ్ణి. (ఇప్పుడూ ఉండలేను, కాకపోతే చెయ్యి వేసే ముందు ఒకసారి ఆలోచిస్తాను.) ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై ఏడాది తిరగలేదు. మా ఊరి పవర్ హౌస్ బజారులో చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉన్న కంప్యూటర్ సెంటరులో నేను డేటాబేస్ పాఠాలు చెప్పేవాణ్ణి. వేర్వేరు వరుసల్లో చెదిరిపోయిన ఒకే ఇంటి వివరాలను ఒక్క వరుసలోకి చేర్చే ప్రోగ్రాం అప్పుడే నా చేతికి లొంగింది. అది మొదటిసారి పనిచేసినప్పుడు, ఎవరూ లేని గదిలో లేచి నిలబడి నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. ఆ విద్యను ఎక్కడో ఒకచోట ప్రయోగిస్తే తప్ప నా మనసు ఆగేటట్టు లేదు.

మా ఖుర్సీపార్ తెలుగు చర్చిలో ఒక చెక్క పెట్టె ఉండేది. ఎవరి విన్నపం వారు చీటీ మీద రాసి, పేరుకు బదులు కుటుంబం కార్డు నంబరు వేసి అందులో పడేసేవారు. ఆదివారం పాస్టరుగారు చేతికందిన చీటీ తీసి, నంబరు పైకి చెప్పకుండా చదివి ప్రార్థించేవారు. ఒకే ఇంటి మోకాలి నొప్పి మొదట్లోనూ, అదే ఇంటి పరీక్ష ఫలితం చివర్లోనూ రావడం నాకు సహించరాని అస్తవ్యస్తంగా తోచింది. ఇంటికి ఒక్క వరుస చాలునని నేను ఉత్సాహంగా వివరిస్తే ఆయన మురిసిపోయారు. విన్నపాలు రహస్యం గనుక పాస్టరమ్మగారే వచ్చి, చీటీల్లో ఉన్నది ఉన్నట్టు టైపు చేశారు. నేను ప్రోగ్రాం నడిపి, వరుసల సంఖ్య సరిచూసి, ప్రింటు కాగితాన్ని ఒక్క అక్షరమైనా చదవకుండా మడిచి ఇచ్చాను. (నియమం నియమమే.)

నా చీటీ కూడా అందులో ఉంది. నాన్న ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ కొలిమి దగ్గర పనిచేసే మనిషి; కొడుకు కూడా ప్లాంటు గేటులోంచే లోపలికి వెళ్ళాలన్నది ఆయన పట్టుదల. నేనేమో రాయ్‌పూర్‌లో కొత్త ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ ఉద్యోగానికి రహస్యంగా దరఖాస్తు పెట్టాను. మంగళవారం ఇంటర్వ్యూ అని ఉత్తరం కూడా వచ్చింది. (కవరు అంచున అన్నం మెతుకు అంటుకుని ఉంటే, ఉత్తరాలు పట్టుకుని భోజనానికి కూర్చోవడం తగదని పోస్టుమ్యాన్‌ను గట్టిగా మందలించాను.) ఆలోగా నాన్నకు తెలిస్తే ఊరు దాటనివ్వరని నా భయం.

ఆదివారం ముందు బల్ల మీద, బహుమతి అందుకోబోయేవాడిలా కూర్చున్నాను. పాస్టరుగారు కాగితం విప్పారు. "మూడో నంబరు ఇల్లు. కోడలి నోరు అదుపులో ఉండాలి. అత్తగారి చెవుడు ఇలాగే ఉండాలి."

పమిటచెంగుల వెనుక నవ్వులు మొదలయ్యాయి. విడివిడిగా ఉన్నప్పుడు ఎవరివో తెలియని మాటలు ఒక్కచోట చేరేసరికి, ఆ ఇల్లేదో అందరికీ ఇట్టే తెలిసిపోయింది. మా కార్డు నంబరు నలభై ఏడని అప్పుడు గుర్తుకొచ్చింది. కరెంటు పోవాలని అంత భక్తితో నేనెన్నడూ ప్రార్థించలేదు. పాస్టరుగారు తల ఎత్తకుండా చదువుకుంటూ పోయారు.

నలభై ఏడు రానే వచ్చింది. "రాయ్‌పూర్ ఇంటర్వ్యూ బాగా జరగాలి, నాన్నకు తెలియకూడదు" అని చదివి, అదే ఊపులో సాగించారు: "పెద్దోడికి రాయపూర్ ఉద్యోగం రావాల. నాకు తెలిసిపోనాదని ఆడికి తెలీకూడదు." ఆపైన మూడోది: "ఈ తండ్రీకొడుకులు నా దగ్గర ఏటో దాస్తన్నారు. అదేటో నాకు తెలియాల."

అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పక్డే గయే, భయ్యా" అని, దొరికిపోయావన్నట్టుగా, ఆమె పక్కన కూర్చున్న చెల్లి పెదవులు కదపడం నాకు స్పష్టంగా కనిపించింది. వెనుక బల్ల మీది నాన్న ముందుకు వంగారు.

"కవరు సించి, మెతుకు పెట్టి అంటించింది నానేరా. ఆ పోస్టుమ్యాన్‌కి సారీ సెప్పు."

"మరి ప్లాంటు?" అన్నాను.

"నా ఒళ్ళు కాలింది సాల్లే."

మంగళవారం పొద్దున ఆయనే సైకిలు మీద నన్ను స్టేషనులో దింపారు. ఉద్యోగం వచ్చింది. చర్చిలో మాత్రం మరుసటి వారం నుంచే చీటీలు మళ్ళీ చేతికందినట్టు పైకి రావడం మొదలైంది. ఈసారి ఆ అస్తవ్యస్తాన్ని చేతులు కట్టుకుని విన్నాను.

ఇప్పుడు మా అబ్బాయి తలుపు మూసుకుని ఫోనులో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతుంటాడు. సంగతి నాకు తెలుసు. తెలిసినట్టు వాడికి తెలియకూడదని, గుమ్మం దగ్గర ఒకసారి గట్టిగా దగ్గి, చేతిలో పేపరు తిరగేసుకుంటూ ముందుకు వెళ్ళిపోతాను.