పెంకులో నిప్పు

పొద్దున, కలప బళ్లను ఆపి చూసే అడవి నాకాలో గంట ఆరు కొట్టినప్పుడు మా అక్క నిప్పు కోసం మా ఇంటికి వచ్చింది. చేతిలో కుండపెంకు ఉంది.

అప్పటికి బస్తర్ ఇంకా రాజుగారి రాజ్యమే. శబరి నది ఒడ్డున మా ఊళ్లో ఆడవాళ్లు పొద్దున్నే పొరుగింటికి వెళ్లి, పెంకులో నాలుగు కణికలు తెచ్చుకుని పొయ్యి రాజేసేవాళ్లు. ఆ పెంకుకు మరో పని కూడా ఉండేది. ఏ ఇంట్లోనైనా మగవాడు సారా తాగి పెళ్లాన్ని కొడుతుంటే, ఎవరో ఒకామె పెంకు పట్టుకుని "నిప్పుందా వదినా" అంటూ లోపలికి వెళ్లేది. నిప్పుకు వచ్చిన మనిషిని గుమ్మంలో ఆపకూడదు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని కదిలేది కాదు. కాసేపటికి ఆ మగవాడే బయటికి పోయేవాడు. మా ఎదురింటి తాగుబోతు భార్య అలాగే బతికి బట్టకట్టింది.

మా బావ తాగడు. నాకాలో జవాను. అతను గొంతు పెంచగా ఎవరూ వినలేదు. పెళ్లయిన కొత్తలోనే అక్కకు జగదల్‌పూర్ నుంచి అగ్గిపెట్టె తెప్పించాడు. పెళ్లాం ఇల్లిల్లూ తిరిగే పని తప్పించాడని ఊరంతా మెచ్చుకుంది, మా అమ్మ మరీ. అక్క నిప్పుకు రావడం మానేసింది. అగ్గిపెట్టె ఉన్న ఇంట్లో పొయ్యిలో నిప్పు దాచరు కాబట్టి ఆ ఇంటికీ ఎవరూ వెళ్లలేదు.

అందుకే ఆ పొద్దున అక్కను చూసి అమ్మ నవ్వింది.

"ఏందే, దొరసానికి నిప్పు కరువైందా? అగ్గిపెట్టె ఏమాయె?"

"తడిసిందమ్మా."

నిప్పు వేసినా అక్క వెళ్లలేదు. పొయ్యి దగ్గర కూర్చుంది. పెంకులో కణికలకు నివురు కప్పుతున్నా లేవలేదు. బావ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"యాళైంది, పంపు అత్తా," అన్నాడు మెల్లగా.

అమ్మ కొత్త కణికలు వేసి పంపింది.

ఆ వానాకాలంలోనే అక్క పోయింది. జ్వరం అని బావ చెప్పాడు. స్నానం చేయించిన ఆడవాళ్లు అమ్మను పిలిచి చూపించారు. చీర కప్పే చోటల్లా దెబ్బలే, పాతవీ కొత్తవీ. ఆ ఇంట్లోంచి ఒక్క కేక కూడా ఎవరూ వినలేదు. పొయ్యిగట్టు మీద అదే అగ్గిపెట్టె, తడిసిన మరకైనా లేకుండా, పొడిగా ఉంది.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ అమ్మ, మా పొయ్యిలో నిప్పు ఉన్నా, పెంకు పట్టుకుని ఇళ్లకు వెళ్లేది. చప్పుడు లేని ఇళ్లకు ముందు వెళ్లేది.

ఇప్పుడు అందరి ఇళ్లలోనూ అగ్గిపెట్టెలున్నాయి. నిప్పు కోసం ఎవరూ పొరుగింటికి వెళ్లరు.